పాత రైలుకట్ట మీద నాన్నతో

(ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలో తెలుగువాళ్ళ సాయంకాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకు వినిపిస్తోందా? సరే.

ఇవాళ నేను చెప్పబోయేది ఒక రైలుకట్ట గురించి. పట్టాలు తీసేసి అరవై ఏళ్ళు దాటిన కట్ట. మనం ఉండే చోటి నుంచి కారులో ఓ గంట దూరం. ఏ66 రోడ్డు మీద స్టెయిన్‌మోర్ కొండ దాటి కిర్క్‌బీ స్టీఫెన్ దాకా వెళ్తే, అక్కడికి దగ్గర్లోనే స్మార్డేల్ గిల్ అని ఒక నేషనల్ నేచర్ రిజర్వ్ ఉంది. గిల్ అంటే ఇక్కడి వాళ్ళ మాటలో ఇరుకు లోయ. బెక్ అంటే వాగు. ఈ లోయలో పారే వాగు పేరు స్కాండల్ బెక్. ఆ వాగు వెంబడి సాగే పాత రైలు దారే ఇప్పుడు నడక దారి. కంబ్రియా వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ దాన్ని చూసుకుంటోంది.

ముందు మా నాన్న సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఈ కట్ట మీద నాకు ఇంత ప్రేమ ఎందుకో మీకు అర్థం కాదు. మా నాన్న రైల్వేలో కీమన్‌గా చేశారు. నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య, నల్లమల అడవిలో ఆయన డ్యూటీ. అప్పుడది మీటర్ గేజ్. తెల్లవారకముందే భుజాన సుత్తి, సంచిలో ఎర్రజెండా, పచ్చజెండా, ఒక సీసాలో నీళ్ళు పెట్టుకుని బయలుదేరేవారు. పట్టాలను స్లీపర్లకు పట్టి ఉంచే కీలు రైలు అదురుకు వదులవుతాయి. వాటిని చూసుకుంటూ, వదులైన చోట సుత్తితో బిగగొట్టుకుంటూ తన హద్దు చివరి దాకా నడవాలి, మళ్ళీ వెనక్కి రావాలి. రోజూ అదే పని. కీ మీద సుత్తి పడగానే వచ్చే చప్పుడును బట్టే అది బిగిసిందో లేదో చెప్పేవారు.

1990లలో ఆ లైను బ్రాడ్ గేజ్ అయింది. ఘాట్‌లో కొత్త లైను వేరే దారిన వెళ్ళింది. పాత లైను మీది దొరబావి వంతెన పేరు మీలో కొందరు వినే ఉంటారు. దాని మీదికి ఇక రైలు రాలేదు. నాన్న కొత్త లైను మీద ఉద్యోగం చేసుకుంటూ రిటైరయ్యారు. పాత దాని గురించి ఇంట్లో ఎప్పుడూ మాట్లాడింది లేదు.

ఇక స్మార్డేల్‌కు వద్దాం. ఈ లైను పూర్తి పేరు సౌత్ డరమ్ అండ్ లాంకషైర్ యూనియన్ రైల్వే. 1857లో పని మొదలుపెట్టి 1861లో రైళ్ళు నడిపారు. బార్నార్డ్ కాజిల్ నుంచి టీబే దాకా సుమారు 35 మైళ్ళు, ఇంగ్లండ్‌కు వెన్నెముక లాంటి పెనైన్ కొండలను అడ్డంగా దాటుకుంటూ. స్టెయిన్‌మోర్ దగ్గర లైను 1,370 అడుగుల ఎత్తుకు ఎక్కేది. ఇంత కష్టపడి కొండ ఎక్కింది మనుషుల కోసం కాదు, కోక్ అనే కొలిమి ఇంధనం కోసం. ఇటు తూర్పున డరమ్ బొగ్గుతో మంచి కోక్ తయారయ్యేది. పడమటి తీరాన బారో వైపు హెమటైట్ అనే మేలైన ఇనుప ఖనిజం దొరికేది. ఇనుము తీయడానికి ఆ రెండూ కావాలి. మన వైపు క్లీవ్‌లాండ్ కొండల ఖనిజంలో భాస్వరం ఎక్కువ. ఉక్కు తయారుచేసే అప్పటి బెస్సెమర్ పద్ధతికి అది పనికొచ్చేది కాదు. అందుకే కోక్ వ్యాగన్లు అటు వెళ్ళేవి, ఖనిజం వ్యాగన్లు ఇటు వచ్చేవి. మనలో కొందరు ఇళ్ళు కొనుక్కున్న ఊళ్ళు అలా పెరిగిన ఊళ్ళే.

మనుషులూ ప్రయాణం చేశారు లెండి. వేసవి శనివారాల్లో ఈ వైపు గని కార్మికుల కుటుంబాలు బ్లాక్‌పూల్ సముద్రం చూడ్డానికి ఈ దారినే వెళ్ళేవి. నాకు ఎక్కువ గుర్తుండిపోయింది మాత్రం ఇంకో రైలు. డరమ్ గని కార్మికులు జబ్బు చేసి కోలుకుంటున్నప్పుడు విశ్రాంతికి అల్వర్‌స్టన్ దగ్గర కోనిస్‌హెడ్ ప్రయరీ అనే పెద్ద భవనం ఉండేది. వాళ్ళను అక్కడికి తీసుకెళ్ళే రైలు ఈ కట్ట మీదుగానే పోయేది. నేను ఆసుపత్రిలో పనిచేసే మనిషిని. నా వార్డులో ఊపిరి అందక కూర్చునే ముసలివాళ్ళలో పాత గని కార్మికులూ ఉంటారు. అలాంటి వాళ్ళు కిటికీ పక్కన కూర్చుని ఈ లోయ చూసుకుంటూ వెళ్ళి ఉంటారు కదా అనుకుంటే, ఆ దారిన నడిచేటప్పుడు కాలు దానంతటదే నెమ్మదిస్తుంది.

కిర్క్‌బీ స్టీఫెన్, టీబేల మధ్య మామూలు ప్యాసింజర్ రైళ్ళు 1952లో ఆగిపోయాయి. 1962లో లైను మొత్తానికే మూతపడింది. స్టెయిన్‌మోర్ దగ్గర బెలా అని 196 అడుగుల ఎత్తున ఇనుప వంతెన ఉండేది. 1963లో దాన్ని ఊడదీశారు. స్మార్డేల్ గిల్ వంతెన రాతిది కాబట్టి మిగిలింది.

నేను మొదటిసారి వెళ్ళింది జూన్‌లో. వాన. మా వార్డులో పనిచేసే ఆవిడ "సీతాకోకచిలుకలు చూడు" అని పంపింది. ఒక్కటీ కనబడలేదు. పూలు మాత్రం ఉన్నాయి. రాళ్ళ సందుల్లో పసుపుపచ్చ రాక్ రోజ్, ముదురు గులాబీ రంగులో క్రేన్స్‌బిల్, గట్టు మీద సువాసనలీనే ఆర్కిడ్. తడిసి ముద్దయ్యి ఇంటికొచ్చాను. అయినా మళ్ళీ వెళ్ళాలనిపించింది. రెండేళ్ళ తర్వాత ఆగస్టులో నాన్న వచ్చారు. ఆయన్ని తీసుకెళ్ళాను.

స్మార్డేల్ హాల్ దగ్గర కారు ఆపి కట్ట ఎక్కాం. నాన్న మొట్టమొదట చేసిన పని వంగి చేత్తో నేలను తడమడం. పైన గడ్డి, నాచు. దాని కింద రాయి తగిలింది. "కంకర తీయలేదమ్మా, అట్లనే ఉంది" అన్నారు. ఆ తర్వాత ఆయన చూపు పైకి వెళ్ళలేదు. పూలూ చూడలేదు, కొండలూ చూడలేదు. కట్ట పక్కన నీళ్ళు పోయే కాలువ చూసుకుంటూ నడిచారు. కొండను కోసి దారి తీసిన చోట, అదే మనం కటింగ్ అంటామే, అక్కడ నిలబడిపోయారు. గోడకు ఆనుకుని చిన్న రాతి కాలువ. ఆకులు నిండిపోయి ఉన్నాయి. అడుగున మాత్రం నీళ్ళు సన్నగా పారుతున్నాయి. కర్రతో ఆకులు కాస్త పక్కకు నెట్టి, నీళ్ళు జారిపోయేదాకా చూసి, అప్పుడు కదిలారు. "ఎవురు కట్టినారో గానీ వాటం బాగా చూసినారు. నీళ్ళు నిలిస్తే కట్ట పోతుంది" అన్నారు. 1861 నాటి పని అది.

కాసేపటికి తల మీదుగా ఒక పెద్ద వంతెన వస్తుంది. అది వేరే లైనుది, సెటిల్–కార్లైల్ లైను. 12 కమాన్లు, దాదాపు 130 అడుగుల ఎత్తు. ఆ లైను ఇంకా నడుస్తోంది. 1980లలో దాన్నీ మూసేద్దామనుకున్నారు. జనం గట్టిగా పోరాడారు. 1989లో మూయడం లేదని ప్రభుత్వం ప్రకటించింది. మేం కింద ఉండగానే పైన ఒక రైలు వెళ్ళింది. నాన్న ఠక్కున ఆగి, కట్ట అంచుకు జరిగి, రైలు పూర్తిగా పోయేదాకా దాని వైపు తిరిగి నిలబడ్డారు. డ్యూటీలో అలాగే నిలబడేవారు. రైలు పోతున్నప్పుడు చక్రాలు చూడాలి, ఎక్కడైనా పొగ వస్తుందా, ఏదైనా వేలాడుతుందా అని. పది పన్నెండేళ్ళు అయింది రిటైరయ్యి.

అక్కడి నుంచి దారి అడవిలోకి వెళ్తుంది. పాత అడవి, పేరు డెమేన్ వుడ్. ఎర్ర ఉడుతలు ఉంటాయి. మాకు కనబడలేదు. అడవి దాటగానే లోయ ఒక్కసారిగా తెరుచుకుంటుంది. అక్కడే స్మార్డేల్ గిల్ వంతెన. 14 కమాన్లు. 90 అడుగుల ఎత్తు, 553 అడుగుల పొడుగు. నాన్న కమాన్లు లెక్కపెట్టారు. ఒకసారి 13 వచ్చిందని మళ్ళీ మొదలుపెట్టారు.

ఈ వంతెనకు ఇంజనీరు థామస్ బౌచ్. ఈ పేరు కొంచెం చేదైన పేరు. స్కాట్లండ్‌లో టే నది మీద ఇనుప వంతెన కట్టిందీ ఆయనే. 1879లో ఆయనకు సర్ బిరుదు ఇచ్చారు. అదే ఏడాది డిసెంబరు 28న రాత్రి తుపానులో ఆ వంతెన మధ్యభాగం కూలిపోయింది. దాని మీద వెళ్తున్న రైలు నదిలో పడింది. ఒక్కరూ బతకలేదు, సుమారు 75 మంది. విచారణలో తేలింది ఏమిటంటే డిజైన్ బాగాలేదు, కట్టడం బాగాలేదు, మెయింటెనెన్స్ బాగాలేదు. మరుసటి ఏడాదే బౌచ్ చనిపోయాడు. వంతెన మీద గాలికి చెవులు మూసుకుంటూ ఇదంతా నాన్నకు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మూడోది మా బోటి వాళ్ళ పని" అన్నారు. అంతే.

రైళ్ళు ఆగాక ఈ వంతెన మీద ఎవరూ చెయ్యి వేయలేదు. లోపలికి నీళ్ళు దిగాయి, రాళ్ళు వదులయ్యాయి. ఒక దశలో పడగొడదామనే ఆలోచన కూడా వచ్చింది. 1989లో నార్తర్న్ వయాడక్ట్ ట్రస్ట్ అని ఒక సంస్థ ఏర్పడి, బాగు చేయించి, నడిచేవాళ్ళకు తెరిచింది. ఆ ట్రస్ట్ లేకపోతే నాన్న కమాన్లు లెక్కపెట్టేవారు కాదు. కట్ట లోయకు ఇటు ఒక ముక్క, అటు ఒక ముక్కగా తెగిపోయి ఉండేది.

ఇప్పుడు సీతాకోకచిలుక. నేను ఇంతసేపు దాచుకున్నది దీన్నే.

దీని పేరు స్కాచ్ ఆర్గస్. స్కాట్లండ్‌లో చాలాచోట్ల ఉంటుంది. ఇంగ్లండ్ మొత్తంలో పుట్టి పెరుగుతూ మిగిలింది మాత్రం రెండే చోట్ల. ఒకటి మోర్‌కమ్ బే దగ్గర ఆర్న్‌సైడ్ నాట్, రెండోది ఈ రైలుకట్ట. జూలై చివర్లో మొదలై ఆగస్టంతా ఎగురుతుంది. ఏడాదికి ఒకటే తరం. దీని గొంగళిపురుగు ఇక్కడ బ్లూ మూర్ గ్రాస్ అనే సున్నపురాతి నేలల గడ్డి తిని బతుకుతుంది. చలికాలమంతా గడ్డి దుబ్బు మొదట్లో దాక్కుంటుంది.

వంతెన దగ్గర గట్టు మీద కూర్చున్నాం. మబ్బు పట్టింది. ఏమీ లేదు, గడ్డే. నాకు టెన్షన్ మొదలైంది. మళ్ళీ ఖాళీ చేతులతో వెళ్ళాలేమో అని. ఇంటి నుంచి తెచ్చుకున్న చపాతీలు తిన్నాం. పది నిమిషాలకు మబ్బు జరిగింది, గట్టు మీద ఎండ పడింది. గడ్డి మొదళ్ళలో ఎండుటాకులు అనుకున్నవి కదిలాయి. ఒకటి లేచింది. దాని వెనక రెండు. లెక్కపెట్టలేనన్ని లేచాయి. ముదురు కాఫీగింజ రంగు రెక్కలు, వాటి మీద నారింజ పట్టీ, పట్టీలో నల్లటి చుక్కలు, ప్రతి చుక్క నడుమ తెల్లటి నలుసు. ఒకటి వచ్చి నాన్న చొక్కా చేతి మీద వాలి రెక్కలు పూర్తిగా పరిచింది. అంచున సన్నని తెల్లటి నూగు కనబడుతోంది. ఆయన చెయ్యి కదపలేదు. మళ్ళీ మబ్బు కమ్మింది. అన్నీ దిగిపోయాయి. ఆయన చేతి మీదిది కూడా గడ్డిలోకి జారిపోయింది. "దీనికి ఎండే సిగ్నల్" అన్నారు.

అప్పుడు నేను ఆయనకు నాకు తెలిసిందే చెప్పబోయాను. రైలు ఆగింది కాబట్టి, మనుషులు వదిలేశారు కాబట్టి ఇవన్నీ వచ్చాయి నాన్నా అని. అంతవరకు నేను అలాగే అనుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "వదిలేస్తే ఇట్లుండదమ్మా. రెండేండ్లు వదిలేస్తే కట్టంతా కంపే. ఎండాకాలం ఇంజిన్ నిప్పులకు అంటుకుంటుందని మేం గడ్డి కోసేవాళ్ళం కదా. ఈడా ఎవురో కోస్తాన్నారు" అన్నారు.

ఆయన చెప్పింది నిజం. తర్వాత కనుక్కున్నాను. రైళ్ళు నడిచే రోజుల్లో ఇక్కడా అంతే, నిప్పురవ్వల భయానికి గ్యాంగులు గట్ల మీద గడ్డి కొడవళ్ళతో కోసేవాళ్ళు. దానివల్ల పొదలు పెరగలేదు, ఎండ నేల దాకా పడింది, పొట్టి పూలమొక్కలు బతికాయి. పైగా కట్టను ఎవరూ దున్నలేదు, ఎరువు చల్లలేదు. చుట్టుపక్కల పొలాల్లో ఆ రెండూ జరిగాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో పూలు పూసే పచ్చికబయళ్ళు 1930ల నాటితో పోలిస్తే 97 శాతం పోయాయి. కొన్ని గజాల వెడల్పున్న ఈ పట్టీ మాత్రం రైల్వే కంచె లోపల ఉండి తప్పించుకుంది. రైలు ఆగాక గడ్డి కోసే చెయ్యీ ఆగింది. అప్పుడే అసలు ప్రమాదం. ముళ్ళపొదలు, ఆష్ మొక్కలు, హేజెల్ మొక్కలు అన్నీ ఒక్కటై గట్టు మీదికి వస్తాయి. నీడ పడితే పూలు పోతాయి. గడ్డి పోతే స్కాచ్ ఆర్గస్ పోతుంది. అలాగని గొర్రెలను ఎడాపెడా వదిలితే గడ్డిని నున్నగా మేసేస్తాయి, అప్పుడు గొంగళిపురుగులకు చోటు ఉండదు. ఎంత కోయాలి, ఎంత మేపాలి, ఎప్పుడు ఆపాలి అన్నదే అక్కడి వాళ్ళ పనంతా.

ఆ పని ఎలా ఉంటుందో తెలుసుకుందామని, నాన్న వెళ్ళిపోయాక ఆ చలికాలం, ఇలాంటి రిజర్వులో పొదలు కొట్టే ఒక పనిరోజుకు వెళ్ళాను. పక్షులు గూళ్ళు పెట్టకముందే ఈ పని అయిపోవాలి, అందుకే చలికాలం. చేతిరంపం ఇచ్చారు, పొడుగు పిడుల కత్తెర ఇచ్చారు. హాథార్న్ ముల్లు తోలు గ్లవ్స్‌లోంచి కూడా దిగింది. నేల దగ్గరగా కోయాలి, పైన కోస్తే మొద్దు నుంచి పది చిగుళ్ళు వస్తాయి. కింద కోసినా వస్తాయి, కాకపోతే ఆలస్యంగా. మధ్యాహ్నానికి నలుగురం కలిసి ఈ వేదిక అంత మేర శుభ్రం చేశాం. డెబ్బై దాటిన ఒకాయన థర్మాస్ టీ పోస్తూ, ఇదే చోట తాను కొట్టడం ఇది నాలుగోసారి అని చెప్పారు. ఆ మాటలో విసుగు లేదు. ఆయన మాట వింటుంటే నాకు నాన్న సుత్తి చప్పుడు గుర్తొచ్చింది. నిన్న బిగించిన కీ ఇవాళ మళ్ళీ చూడాలి.

వంతెన దాటి ముందుకు వెళ్తే పాత సున్నపుబట్టీలు ఉన్నాయి, పైన రాతి క్వారీ. ఉక్కు కొలుముల్లో మలినాలు విడదీయడానికి సున్నం కావాలి, ఇక్కడ కాల్చి రైల్లోకి ఎక్కించేవాళ్ళు. పక్కన కూలిపోయిన రైల్వే క్వార్టర్స్ ఉన్నాయి. నాన్న లోపలికి తొంగిచూశారు. పొయ్యి ఉండే గూడు మిగిలింది. స్టేషన్ పక్క క్వార్టర్‌లో నేనూ పుట్టి పెరిగాను కాబట్టి ఆ గూడు ముందు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. దిగువన వాగు మీద గుర్రాలు సామాన్లు మోసే కాలం నాటి చిన్న రాతి వంతెన ఉంది. ఇంగ్లండ్‌ను ఒక తీరం నుంచి ఇంకో తీరం దాకా దాటే కోస్ట్ టు కోస్ట్ నడక దారి అక్కడ ఈ లోయను దాటుతుంది. వీపున పెద్ద బ్యాగులతో నడిచేవాళ్ళు ఎదురవుతారు, పలకరిస్తారు.

తిరిగి వచ్చేటప్పుడు నాన్న మొదటిసారి దొరబావి గురించి మాట్లాడారు. వానాకాలం పొద్దున వంతెన మీద మంచు ఎలా ఉండేదో, కింద అడవిలో నెమళ్ళు ఎలా అరిచేవో చెప్పారు. ఆఖరి మీటర్ గేజ్ బండి పోయిన మర్నాడు కూడా అలవాటుగా సుత్తి పట్టుకుని అంత దూరం వెళ్ళి వచ్చానన్నారు. అమ్మకు కూడా చెప్పలేదట. కారు దాకా అదే మాట్లాడుతూ వచ్చారు. నేను అడగాల్సిన అవసరం లేకపోయింది.

వెళ్ళాలనుకునే వాళ్ళకు రెండు మాటలు. దారి చదునుగా ఉంటుంది, ఎందుకంటే రైలు నిట్టనిలువు ఎక్కలేదు. పెద్దవాళ్ళు హాయిగా నడవగలరు. కారు దిగిన చోటి నుంచి వంతెన దాకా మెల్లగా నడిస్తే ఓ గంట అనుకోండి. కారు లేనివాళ్ళు సెటిల్–కార్లైల్ లైనులో కిర్క్‌బీ స్టీఫెన్ స్టేషన్‌లో దిగొచ్చు. కట్ట దిగి గడ్డిలోకి వెళ్ళొద్దు. ఫోటో కోసం పిల్లలను అసలు దింపొద్దు. మనం తొక్కేది గడ్డి కాదు, వచ్చే ఏటి సీతాకోకచిలుకలు. దగ్గర్లో షాపులేవీ ఉండవు, నీళ్ళు తీసుకెళ్ళండి.

ఆగస్టు రెండో శనివారం మేం వెళ్తున్నాం. వచ్చేవాళ్ళు ఇవాళ బయటికి వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర కాగితంలో పేర్లు రాయండి. పులిహోర నేను తెస్తాను. ఆ రోజు మబ్బుగా ఉంటే ఆదివారానికి మారుస్తాం. ఎండ లేకపోతే అవి లేవవు.